పండగ ప్రకటనల్లో మొత్తం ధర కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేజీలో మధ్యతరగతి అప్పుల మీద వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. అందరూ ఇంచుమించు ఒకటే మాట రాశారు, జనానికి ఆశ ఎక్కువైపోయింది, కనిపించిందల్లా కావాలంటున్నారు, అప్పు చేసి పప్పుకూడు తింటున్నారు, అందుకే మునిగిపోతున్నారు అని. నేను తెనాలిలో ఒక హోమ్ అప్లయన్సెస్ షాపులో బిల్లింగ్ కౌంటర్ చూస్తాను, చాలా ఏళ్ల నుంచి అదే పని. టీవీలు, ఫ్రిజ్‌లు, ఏసీలు, ఫోన్లు అన్నీ నా ముందు నుంచే వెళ్తాయి, ఎవరు నగదు కట్టారు, ఎవరు ఫైనాన్స్‌లో తీసుకున్నారు, ఎవరికి లోన్ రాలేదు అన్నదీ నాకు తెలుస్తుంది. అందుకే ఆ ఉత్తరాలు సగమే నిజం అనిపించి ఇది రాస్తున్నాను. కాస్త పెద్దదే అయింది, వీలైతే మొత్తం వేయండి.

ముందు ఒక సంగతి. మన దగ్గర అప్పులన్నీ వస్తువుల మోజు వల్లే అనడం అన్యాయం. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ కుటుంబాల్లో 93.2 శాతం, తెలంగాణలో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయని తేలింది, దేశం మొత్తం మీద చూస్తే అది 50.2 శాతమే. ఏపీలో ఒక్కో రైతు కుటుంబం మీద సగటున 2,45,554 రూపాయల అప్పు ఉందని కూడా అదే సర్వే చెప్పింది. అది సోఫా సెట్ కోసం చేసిన అప్పు కాదు కదా. కౌలు ముందే కట్టాలి, విత్తనం ఎరువు కొనాలి, వాన ముంచితే మళ్ళీ వేయాలి. వాళ్ళని పట్టుకుని ఆశపోతులు అనడానికి ఎవరికీ నోరు రాకూడదు. నేను చెప్పేది నాకు తెలిసిన జనం గురించే, నెల జీతం వాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, ప్రైవేటు స్కూల్ టీచర్లు, చిన్న దుకాణాల్లో గుమాస్తాలు, ఇంట్లో మిషన్ కుట్టుకునే ఆడవాళ్ళు.

వీళ్ళ విషయంలో నేను చూసింది ఏమిటంటే, వస్తువు కోసం చేసిన అప్పు మనిషిని నేరుగా ముంచడం చాలా తక్కువ. టీవీ వాయిదా కట్టలేక రోడ్డున పడ్డ కుటుంబాన్ని నేను చూడలేదు. అది చేసేది వేరే పని, నెలాఖరుకు చేతిలో మిగిలే ఆ నాలుగు డబ్బుల్ని తినేస్తుంది. ఆ తర్వాత జ్వరమో, ఆపరేషనో, ఫీజో, చావో ఏదో ఒకటి వస్తుంది, రాని ఇల్లు ఉండదు, అప్పుడు చేసే అప్పు ముంచుతుంది. చూసేవాళ్ళు ఆసుపత్రి ముంచింది అంటారు.

ఒక ఇంటి లెక్క చెప్తాను, పేర్లు వద్దు. భర్తకి ఒక ప్రైవేటు కాలేజీలో ల్యాబ్‌లో పని, 18 వేలు. భార్య బ్లౌజులు కుడుతుంది, నెలకి ఒక ఎనిమిది వేలు వస్తాయి. అద్దె, పాలు, సరుకులు, గ్యాస్, పిల్లాడి స్కూలు, పెట్రోలు, కరెంటు అన్నీ పోను ఆరు వేలు మిగిలేవి. బండి వాయిదా 2,900 ముందు నుంచీ ఉంది. తర్వాత ఫోన్, నెలకు 1,800. ఇంకా 1,300 మిగులుతున్నాయి. ఆ టైంలో మా షాపుకి వచ్చి 43 అంగుళాల టీవీ చూశారు, నెలకి 1,250 పడుతుంది అని మా కుర్రాడు చెప్పాడు. ఆవిడ భర్త వైపు చూసి "కట్టగలంలే అండీ, ఇంకా యాభై మిగులుద్ది" అంది. నిజంగానే వాళ్ళు లెక్క వేసుకునే తీసుకున్నారు. దుబారా మనుషులు కాదు, ఒక్క వాయిదా కూడా ఎగ్గొట్టే ఉద్దేశం ఉన్నవాళ్ళు కాదు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూసుకునే టీవీ అది, దాన్ని అత్యాశ అని నేను అనలేను.

కొన్నాళ్ళకి ఆయన తల్లి బాత్రూంలో జారిపడింది, తుంటి ఎముక. ఆపరేషన్ ఆరోగ్యశ్రీలో అయిపోయింది, కానీ ముందు టెస్టులు, అంబులెన్సు, మనిషి తోడు ఉండడం, వాకరు, మందులు, ఆయన సెలవు పెట్టిన రోజుల జీతం కోత, అన్నీ కలిపి 40 వేల దాకా అయింది. ఆ నెల కాలేజీ వాళ్ళు జీతం పదో తేదీకి వేశారు, ఫైనాన్స్ వాళ్ళ ఆటో డెబిట్ ఐదో తేదీ. మూడు వాయిదాలూ బౌన్సు. ఒక్కో బౌన్సుకి ఫైనాన్స్ వాళ్ళది ఐదారొందలు, బ్యాంకు వాళ్ళ ఛార్జీ మళ్ళీ వేరే. దాంతో సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగా కడుతున్నామా లేదా అని చూసి ఇచ్చే మార్కు, పడిపోయింది, పర్సనల్ లోన్‌కి వెళ్తే బ్యాంకులో కుదరదన్నారు. ఆవిడ మెళ్ళో ఉన్నది తాకట్టు పెట్టారు, అయినా చాలలేదు. ఫోన్‌లో ఒక లోన్ యాప్‌లో 15 వేలు తీసుకున్నారు, చేతికి వచ్చింది పదకొండు వేల చిల్లర, వారంలో మొత్తం కట్టాలి. కట్టకపోయేసరికి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ ఫోన్లు, కాలేజీ ప్రిన్సిపాల్‌కి కూడా.

ఆయన ఒకరోజు ఆ టీవీని దుప్పటిలో చుట్టి ఆటోలో పెట్టుకుని మా షాపుకి తెచ్చాడు, వెనక్కి తీసుకోండి అని. కొత్త వస్తువులు అమ్మే షాపు, మేము తీసుకోలేం. బయట సెకండ్ హ్యాండ్ వాడికి తొమ్మిది వేలకి ఇచ్చేశాడు, దాని మీద ఇంకా కట్టాల్సిన వాయిదాలు అంతకంటే ఎక్కువే ఉన్నాయి. చివరికి ఆవిడ తమ్ముడు ఒంగోలు నుంచి వచ్చి యాప్ వాళ్ళది తీర్చాడు.

వీధిలో అందరూ అన్నది పాపం ముసలావిడ పడిపోబట్టే వీళ్ళకి ఈ అప్పులు అని. ఆ ఆరు వేలల్లో బండి వాయిదా పోయినా నెలకి 3,100 మిగలాలి. ఏడాదికి 37 వేలు. ఆ డబ్బు పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉండుంటే ఆ ముసలావిడ వల్ల ఎవరికీ అప్పయ్యేది కాదు.

ఇక్కడ నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఏమిటంటే ధర అడిగేవాళ్ళు తగ్గిపోయారు. ఇదివరకు వచ్చినవాళ్ళు వస్తువు చుట్టూ తిరిగి, తలుపు తీసి వేసి, "ఎంత చెప్తారు, ఎంతకిస్తారు" అని అరగంట బేరం ఆడేవాళ్ళు. ఇప్పుడు మొదటి మాటే "నెలకెంత పడుద్ది అన్నా?". రెండు వేల లోపు అంటే సరే అనేస్తారు. ఇరవై ఎనిమిది వేలదీ ముప్పై నాలుగు వేలదీ పక్కపక్కన పెడితే తేడా ఆరు వేలు అని ఎవరికీ అనిపించదు, నెలకి మూడొందలే కదా అనిపిస్తుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద, ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, మంచిదే. ఆ తగ్గిన డబ్బు ఇంట్లో మిగుల్చుకున్నవాళ్ళు మా కౌంటర్ దగ్గర తక్కువే కనపడ్డారు, అదే వాయిదాకి ఇంకా పెద్దది వస్తుందని పెద్దది తీసుకెళ్ళినవాళ్ళే ఎక్కువ.

వడ్డీ సంగతి కూడా చెప్పాలి. మనవాళ్ళకి వడ్డీ లెక్క రాదనుకుంటే పొరపాటు. ఊళ్ళో ఎవర్నైనా అడగండి, నూటికి రెండు రూపాయలు అంటే ఏడాదికి 24 అని ఠక్కున చెప్తారు. రూపాయి వడ్డీ అంటే ధర్మవడ్డీ అంటారు, మూడు రూపాయలంటే అమ్మో అంటారు, ఐదంటే ఆ గుమ్మం తొక్కరు. అదే మనిషికి షాపులో ఎన్ని రూపాయల వడ్డీకి తీసుకుంటున్నాడో తెలియదు, ఎందుకంటే ఎవరూ ఆ లెక్కలో చెప్పరు. బండి మీద లక్ష ఫైనాన్స్, మూడేళ్ళు, పది శాతం ఫ్లాట్ అంటారు. మూడేళ్ళకి 30 వేలు వడ్డీ వేసి 36 వాయిదాలు చేస్తే నెలకి 3,611. కానీ మీరు ప్రతి నెలా అసలు కూడా కొంత తీరుస్తున్నారు, వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే లెక్క వేశారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి 18 శాతం దాకా వస్తుంది, అంటే నూటికి రూపాయిన్నర. ఆ ముక్క అలా చెప్పి చూడండి, కొనేవాడు ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తాడు.

క్రెడిట్ కార్డు ఇంకా ఘోరం. 40 వేలు బాకీ ఉందనుకోండి, చాలా కార్డుల మీద నెలకి మూడున్నర శాతం దాకా వడ్డీ పడుతుంది, అంటే 1,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 252. మినిమం డ్యూ, అంటే ఆ నెల కనీసం కట్టాల్సింది, అని ఐదు శాతం, 2,000 కడతారు. ఆ రెండు వేలల్లో అసలుకి జమయ్యేది 350 రూపాయలు కూడా ఉండదు. మూడున్నర రూపాయల వడ్డీకి ఊళ్ళో ఎవరి దగ్గరైనా తెచ్చుకుంటే ఇంట్లో పెద్దవాళ్ళు చీవాట్లు పెడతారు, అదే వడ్డీకి కార్డు గీకితే పాయింట్లు వచ్చాయని చెప్పుకుంటున్నారు. క్రెడిట్ కార్డు వడ్డీ 30 శాతం దాటకూడదని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ ఒక తీర్పు ఇచ్చింది, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇక మన జాగ్రత్త మనమే పడాలి.

నో కాస్ట్ ఈఎంఐ, అంటే వడ్డీ లేని వాయిదాలు, అన్నది కూడా నమ్మకండి. సున్నా వడ్డీ అంటూ వడ్డీని వేరే పేర్లలో దాచే పథకాలు ఆపమని 2013 సెప్టెంబరులోనే రిజర్వ్ బ్యాంకు బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేది ఏమిటంటే ఆ వడ్డీకి సరిపడా డిస్కౌంట్ ముందే చూపిస్తారు, అదే డిస్కౌంట్ నగదు ఇచ్చేవాడు గట్టిగా అడిగితే చాలాసార్లు అతనికీ వస్తుంది, అడగనివాడికి రాదు. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ, ఎక్స్‌టెండెడ్ వారంటీ, ఇన్సూరెన్సు అని ఇంకో రెండు కాగితాలు కలుస్తాయి. 12/4 స్కీమ్ అని ఒకటుంది, పన్నెండు వాయిదాల్లో నాలుగు మొదటి రోజే కట్టించుకుంటారు. 48 వేల వస్తువుకి 16 వేలు ఆ రోజే ఇచ్చేస్తారు, నిజంగా అప్పు 32 వేలే, అదీ ఎనిమిది నెలలకే. కొన్నవాళ్ళు మాత్రం ఏడాది టైం ఇచ్చారని సంతోషంగా వెళ్తారు.

సారె సంగతి ప్రత్యేకంగా రాయాలి, ఎందుకంటే అత్యాశ అని రాసినవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోలేదు. శ్రావణమాసం, మాఘమాసం వస్తే మా షాపులో ఎక్కువగా కనపడేది పెళ్ళికూతురి తండ్రులు. చేతిలో చీటీ ఉంటుంది, డబుల్ డోర్ ఫ్రిజ్, ఫ్రంట్ లోడ్ మిషన్, ఫలానా సైజు టీవీ, మిక్సీ, గ్రైండర్. మంచం, బీరువా వేరే షాపులో. ఆ చీటీ ఆయన రాసుకున్నది కాదు, అవతలివాళ్ళు చెప్పింది, లేకపోతే వియ్యపురాలి చెల్లెలి కూతురికి ఏమిచ్చారో చూసి ఈయన భార్య రాసింది. తాపీ పని చేసే ఒక పెద్దాయన సింగిల్ డోర్ ఫ్రిజ్ దగ్గర చాలాసేపు నిలబడి, తలుపు మీద చెయ్యేసి, "ఇది చాలదా అయ్యా ఇద్దరికి" అని నన్నడిగాడు. చాలుతుందండీ, చక్కగా చాలుతుంది అన్నాను. పక్కనున్న కొడుకు "నలుగురిలో చెల్లికి చిన్నతనం నాన్నా" అన్నాడు. డబుల్ డోర్‌దే రాయించుకున్నారు, ఫైనాన్స్‌లో. ఆ ఇంట్లో ఫ్రిజ్ మీద ఆశ ఎవరికి ఉంది చెప్పండి? ఆయనకి లేదు, ఆ అమ్మాయి అడిగిందో లేదో తెలియదు. పిల్ల అక్కడ మాట పడకూడదనే భయంతో కొన్నది అది. ఆశ తగ్గించుకోండి అని ఆయనకి చెప్తే ఆయనకి అర్థం కూడా కాదు. చెప్పాల్సింది చీటీ పంపినవాళ్ళకి, మంటపంలో సారె సామాను వరసగా పేర్చి ఫోటోలు తీయించేవాళ్ళకి. కట్నం తీసుకోలేదండీ, వాళ్ళ అమ్మాయికి వాళ్ళు పెట్టుకున్నారు అని గొప్పగా చెప్పుకునే పెళ్ళిళ్ళలోనే ఈ సామాను లారీలో దిగుతోంది. దీని మీద మీ పత్రిక ఎంత రాసినా తక్కువే.

నేను కొనొద్దని చెప్పడం లేదు. వాషింగ్ మిషన్ వచ్చాక ఎంతమంది ఆడవాళ్ళకి నడుం నొప్పి తగ్గిందో, ఫ్రిజ్ ఉండబట్టి ఎంతమంది ఇంట్లో దోసెల పిండి అమ్ముకుని నాలుగు డబ్బులు చూసుకుంటున్నారో నాకు తెలుసు. డ్వాక్రా డబ్బు చేతికొచ్చిన వారం మా షాపుకి ఆడవాళ్ళు వస్తారు, కాగితం మీద గేదె అని రాసి మిషన్ కొనుక్కున్నారని కొందరు తప్పు పడతారు, నేను పట్టను. జీవితమంతా బకెట్ల ముందు కూర్చున్న మనిషి మిషన్ కావాలనుకోవడం ఆశ ఎలా అవుతుంది. ఎండాకాలం మా వైపు రేకుల ఇంట్లో పడుకున్నవాళ్ళకి కూలర్ విలాసం కాదు. పాత రోజులే బాగున్నాయని కూడా అనను, అప్పట్లో చీటీ కట్టి, పాట పాడి, ఆ డబ్బుతో కొనేవాళ్ళు, ముందు దాచి తర్వాత కొనడం వరకు మంచి పద్ధతే, కానీ చీటీలాయన రాత్రికి రాత్రి ఊరు వదిలిపోతే ఎన్ని ఇళ్ళు ఏడ్చాయో మనం చూశాం.

నేను చెప్పేది ఒకటే, మొదటిది తీరకుండా రెండోదానికి సంతకం పెట్టకండి, నెలలో మిగిలే డబ్బు మొత్తానికి వాయిదా రాయించుకోకండి. మిగిలే ఆరు వేలల్లో సగం ముట్టుకోకుండా ఉంచితే ఆసుపత్రి ఖర్చు వచ్చినా లోన్ యాప్ దాకా వెళ్ళే పని ఉండదు. ఆ యాప్‌ల వేధింపులకి 2020 చివర్లో హైదరాబాద్ చుట్టుపక్కల ప్రాణాలు తీసుకున్నవాళ్ళున్నారు, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు, 2022 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ అప్పులకి నిబంధనలు పెట్టింది. అయినా కొత్త పేర్లతో వస్తూనే ఉన్నాయి. వాటి దాకా వెళ్ళినవాళ్ళలో సరదాకి వెళ్ళినవాళ్ళు తక్కువ, అన్ని దారులూ మూసుకుపోయాక వెళ్ళినవాళ్ళు ఎక్కువ, ఆ దారులు మూసిన వాటిలో మా షాపులాంటి షాపుల నుంచి వెళ్ళిన వాయిదాలు కూడా ఉన్నాయి.

2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే రిటైల్ లోన్లన్నిటికీ ఛార్జీలు కలిపి ఏడాదికి అసలు వడ్డీ ఎంత పడుతుందో చూపించే కాగితం ఇవ్వాలని, అది అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ఉండాలని రిజర్వ్ బ్యాంకు రూలు పెట్టింది. మా కౌంటర్ దగ్గర నేను చూసినవి చాలావరకు ఇంగ్లీషులోనే ఫోన్‌కి వస్తాయి, తెరవకుండానే ఓటీపీ చెప్పేస్తారు. చదివే వాళ్ళందరికీ నా మనవి, ఓటీపీ చెప్పేముందు తెలుగులో కావాలని అడగండి, అది మీ హక్కు. ఫైనాన్స్ కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఇక మీకు నా మనవి. సంక్రాంతి వస్తోంది, మీ మొదటి పేజీ నిండా మళ్ళీ మా లాంటి షాపుల ప్రకటనలే ఉంటాయి. నెలకు 1,999 మాత్రమే అని అరచేయంత అక్షరాల్లో వేస్తారు, ఎన్ని నెలలు కట్టాలి, అన్నీ కలిపి ఎంత అవుతుంది అన్నది అడుగున చీమల్లాంటి అక్షరాల్లో షరతులు వర్తిస్తాయి అన్న చోట ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. ప్రకటన మీకు ఆదాయం, కాదనను. కానీ వాయిదా ఎంత సైజులో వేస్తే మొత్తం కట్టాల్సిన సొమ్ము, ఎన్ని నెలలు, నూటికి ఎన్ని రూపాయల వడ్డీ అన్నవి కూడా అదే సైజులో ఉండాలని మీ ప్రకటనల విభాగం ఒక నియమం పెట్టుకోకూడదా? ఆదివారం సంపాదకీయం రాయడం కంటే అది ఎక్కువ మందికి పనికొస్తుంది. మా ఓనరు గారిని అడిగాను. మన ప్రకటనలో వేయడానికి నాకేం అభ్యంతరం లేదయ్యా, పక్క షాపు వాళ్ళ చేత కూడా పేపరు వాళ్ళు వేయిస్తేనే, లేకపోతే మన దగ్గరే రేటు ఎక్కువనుకుంటారు అన్నారు. ఆయన మాట మీకు చేరవేస్తున్నాను. మీరు ఏమంటారో పండగలోపు ఇదే పేజీలో రాయగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు, ఒక షాపు బిల్లింగ్ ఉద్యోగి,
తెనాలి